గ్రూపు ఫోటోలో అత్త మోచెయ్యి

నేను కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పిన రోజుల్లో పిల్లలు ఒక దగ్గర తప్పకుండా బోల్తా పడేవాళ్లు. ప్రోగ్రాంలో ఆబ్జెక్టులను, అంటే మనుషుల వివరాల్లాంటివాటిని, ఒకటికి మించిన ప్రమాణాలతో వరసలో పెట్టమంటే, ముందు ముఖ్యమైన ప్రమాణం పట్టుకుని సర్దేవాళ్లు. ఆ తర్వాత చిన్న ప్రమాణంతో మళ్లీ సర్దేవాళ్లు. రెండోసారి సర్దేసరికి మొదటి వరస కాస్తా చెల్లాచెదురయ్యేది. "మేడమ్, ప్రోగ్రాం పనిచెయ్యట్లేదండీ" అనేవాళ్లు. ప్రోగ్రాం శుభ్రంగానే పనిచేస్తోంది, మీ బుర్రలే పనిచెయ్యట్లేదు అని కసిరేదాన్ని. కసిరాక మా అక్క పెళ్లి ఫోటో సంగతి చెప్పేదాన్ని. పాఠ్యపుస్తకంలో ఉదాహరణగా ఉద్యోగులూ జీతాలూ ఉండేవి గానీ అవి ఎవరికీ గుర్తుండేవి కావు.

ఆ పెళ్లి డెబ్బైల మధ్యలో విజయవాడలో జరిగింది. పెళ్లికొడుకు వాళ్లది మైలవరం. నేనప్పుడు బీయస్సీ చదువుతున్నాను. చర్చిలో ఆరాధన, ప్రమాణాలు, ఉంగరాలు అన్నీ అయ్యాక ఆవరణలో గ్రూపు ఫోటో. పక్కనున్న బడి నుంచి ఇనప కుర్చీలు, ఒక పొడుగాటి బెంచీ తెప్పించారు. కుర్చీల్లో ఒక వరస, వాటి వెనక నిలబడేవాళ్లు ఒక వరస, ఆ వెనక బెంచీ ఎక్కి నిలబడేవాళ్లు ఒక వరస. చిన్నపిల్లలు కింద చాప మీద.

ఆ ఫోటో కోసం అందరికన్నా ఎక్కువగా ఎదురుచూసింది మా మేనత్త. నాన్నకి చెల్లెలు, ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. మనిషి బాగా పొట్టి. అమ్మా నాన్నా దివిసీమలో ఒక పల్లెటూళ్లో టీచర్లు కాబట్టి, హైస్కూలు చదువు మొదలైనప్పటి నుంచీ అక్క ఉన్నది అత్త క్వార్టర్సులోనే. అక్కకి జడలు వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ, పరీక్షలప్పుడు కాఫీ కాచి ఇచ్చిందీ అత్తే. అయినా మా ఇంట్లో గోడమీదున్న ఏ గ్రూపు ఫోటోలోనూ ఆవిడ మొహం లేదు. ఒకదాంట్లో చీర కుచ్చిళ్లు, ఒకదాంట్లో కొప్పు, మా చిన్నాన్న పెళ్లి ఫోటోలో మోచెయ్యి. "ఇదుగో, ఈ మోచెయ్యి నాదే" అని వచ్చినవాళ్లకి నవ్వుతూ చూపించేది. అక్క పెళ్లి కుదిరినప్పుడు మాత్రం నవ్వకుండా చెప్పింది, "ఈ ఫోటోలో నా మొహం పడాలే" అని.

ఫోటోగ్రాఫరు గవర్నరుపేట నుంచి వచ్చాడు. మూడుకాళ్ల కెమెరా, నల్లగుడ్డ, బోలెడంత గొప్పలు. తాను తీసిన గ్రూపుల్లో ఒక్క తలకాయ కూడా తప్పిపోలేదని వచ్చినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. "ముందు నాకు పద్ధతి చెప్పండి. ఎవరు ముందు, ఎవరు వెనక?" అన్నాడు.

నాన్నకీ అత్తకీ అన్న, మా పెదనాన్న, ఇలాంటి చోట అధ్యక్షుడు. ఎవరూ ఎన్నుకోకపోయినా ఆయనే. నల్లకోటు సవరించుకుని, "ముందు జంటలండీ, ఒంటరివాళ్లు తర్వాత. జంటల్లో పెద్దవాళ్లు ముందు. ఒకే ఈడువాళ్లయితే పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక" అన్నాడు.

నేనైతే జంటల్ని పిలవడంతో మొదలుపెట్టేదాన్ని. ఫోటోగ్రాఫరు అలా చెయ్యలేదు. అందర్నీ గోడవారన ఎత్తు ప్రకారం నిలబెట్టాడు. పెదనాన్న "నేను చెప్పిందేంటి, మీరు చేసేదేంటి" అని విసుక్కున్నాడు. "ఆఖర్ని చెప్పింది ముందు చెయ్యాలండీ. మీరు చూస్తా ఉండండి" అన్నాడు ఆయన.

ఆ వరసలో అత్తే మొట్టమొదటి మనిషి. మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి కళ్లెగరేసింది.

తర్వాత ఆయన వరస పొడుగునా నడుస్తూ పెద్దవాళ్లని ఒక్కొక్కరినే ముందుకి పిలిచాడు, ఆ తర్వాత నడివయసువాళ్లని, చివర మాలాంటివాళ్లని. ఎవర్నీ అటూ ఇటూ దాటనివ్వలేదు. దాంతో పెద్దవాళ్లలో మళ్లీ పొట్టివాళ్లే ముందున్నారు, మిగతా గుంపుల్లోనూ అంతే. అత్త నడివయసు గుంపులో మొదటికి జారింది. మూడోసారి అలాగే నడుస్తూ జంటల్ని ఒక పక్కకీ ఒంటరివాళ్లని ఇంకో పక్కకీ తీశాడు. చూస్తే పెదనాన్న అడిగిన వరస పొల్లుపోకుండా వచ్చేసింది. జంటలు, వాళ్లలో వయసు, వయసులో ఎత్తు. పెదనాన్నే నోరెళ్లబెట్టాడు.

అత్త మాత్రం బెంచీ దగ్గరికొచ్చి పడింది. మా గుంపులో ఆవిడొక్కతే నడివయసు మనిషి, మిగతా అందరం పెళ్లికాని కుర్రకారు. ఆవిడ చీర కాస్త ఎత్తిపట్టుకుని, నా చెయ్యి ఆసరాగా బెంచీ ఎక్కింది. ఎక్కినా లాభం లేకపోయింది. సరిగ్గా ఆవిడ ముందు పెళ్లికొడుకు మేనమామ నిలబడ్డాడు, తాటిచెట్టంత మనిషి. అత్త మునివేళ్ల మీద లేచింది. నా చెయ్యి వదల్లేదు. నాకు పెదనాన్న మీద ఒళ్లు మండిపోయింది.

ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో దూరి బయటికొచ్చాడు. "బెంచీ మీద ఎవరిదో కొప్పు కనపడతందండీ, మొహం లేదు" అన్నాడు.

"పర్లేదు, కానివ్వండి. మైలవరం బస్సు వెళ్లిపోద్ది" అన్నాడు పెదనాన్న.

అప్పుడు అక్క కుర్చీలోంచి లేచింది. అప్పటిదాకా తలవంచుకునే ఉన్న మనిషి. "ఇంకో వరస ఉందండీ" అంది ఫోటోగ్రాఫరుతో. "నన్ను పెంచినవాళ్లు ముందు. మిగతా వాళ్లందరూ తర్వాత."

ఆయన ఇబ్బందిగా చూశాడు. "ఆఖర్ని పెట్టిందే అన్నిటికన్నా పెద్దదైపోద్దమ్మా. ఆలోచించుకో."

"అందుకే ఆఖర్ని చెబుతున్నానండీ" అంది అక్క.

ఆయనకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. "పెంచినవాళ్లు ఎవరెవరు?" అని అడిగాడు. "అమ్మా, నాన్నా, అత్తా" అంది అక్క. అమ్మా నాన్నా ఎలాగూ పక్కనే కుర్చీల్లో ఉన్నారు. కదలాల్సింది అత్త ఒక్కతే. అమ్మానాన్నల పక్క కుర్చీలో ఉన్నది పెదనాన్న. "జంట లేని మనిషిని మధ్యలో కూర్చోపెడతారటమ్మా ఎక్కడైనా" అని ఆయన గొణుగుతుంటే, మైలవరం వియ్యంకుడుగారు, "జరగండి బావగారూ. బస్సుకింకా టైముంది" అన్నారు. వియ్యంకుడి మాట కాదనలేక పెదనాన్న ఒక కుర్చీ జరిగాడు, పక్కన పెద్దమ్మా జరిగింది. చివరి కుర్చీలో ఉన్న చిన్నాన్న లేచి వెనక్కి వెళ్లాడు. ఎండకి కాలిపోతున్న ఇనప కుర్చీ తప్పినందుకు ఆయనకి సంతోషమే.

అత్త బెంచీ దిగి, చీర సర్దుకుని, అందరి ముందూ నడిచి వచ్చి కూర్చుంది. కూర్చున్నాక ఆవిడ కాళ్లు నేలకి ఆనలేదు.

క్లాసులో ఇక్కడిదాకా చెప్పి ఆపేసేదాన్ని. ఆ మనుషులే, వాళ్ల వయసులూ ఎత్తులూ అవే, వరస మార్చింది చివర చెప్పిన ఒక్క మాటేనని చెబితే పిల్లలకి పాఠం ఎక్కేది. ఆ తర్వాతది పాఠం కాదు కాబట్టి చెప్పేదాన్ని కాదు.

ఫోటో వచ్చాక అందరం ఎవరి మొహం వాళ్లు వెతుక్కున్నాం. అత్త అదే స్టూడియోకి వెళ్లి, ఫోటోలో తన బొమ్మ వరకే పెద్దది చేయించుకుంది. కొన్నాళ్లకి క్వార్టర్సుకి వెళితే ఫ్రేము కట్టించి గోడకి తగిలించి ఉంది. కళ్లు నేరుగా మనకేసి చూస్తున్నాయి. ఆ బొమ్మకి ఒక అంచున నల్లగా ఏదో ఉంది. దగ్గరికెళ్లి చూశాను. పెదనాన్న కోటు చెయ్యి, మోచెయ్యి దాకా.

నాకు నవ్వాగలేదు. "అది కూడా కత్తిరించెయ్యమనాల్సింది అత్తా" అన్నాను.

"వద్దులేవే, ఉండనీ" అంది అత్త, స్టవ్వు మీద పాలు చూసుకుంటూ. "అన్నయ్యొస్తే చూపించాలి, ఈ మోచెయ్యి నీదే అని."