వెంటిలేటర్ పెట్టారన్న మాట

అమ్మకు దమ్ము ఎక్కువై ఊపిరాడకపోతే బాన్సువాడ దవాఖానలో చేర్పించిన మధ్యాహ్నం, కోటగిరిలో మా పక్కింట్లోనే ఉండే మేనమామకు ఫోన్ చేసి "వెంటిలేటర్ పెట్టిన్రు మామా" అన్నాను. ఇంకో ముక్క చెప్పేలోపే ఆయన ఫోన్ పెట్టేశాడు.

నేను చెప్పబోయింది డాక్టరమ్మ నాకు చెప్పిన సంగతే. వెంటిలేటర్లన్నీ ఒకటి కావు. గొంతులోకి గొట్టం దించి, మనిషిని మత్తులో ఉంచి ఊపిరి పోసేది ఒకటి. అమ్మకు పెట్టింది అది కాదు. ముక్కూ నోరూ మూసేలా మాస్కు బిగించి, పీల్చినప్పుడల్లా గాలిని లోపలికి నెట్టేది. మనిషి తెలివిలోనే ఉంటుంది, అన్నీ వింటుంది, మాట్లాడటమే కుదరదు. "ఇట్లనే ఉంచితే రేపటికి తేరుకోవచ్చు. ఇప్పుడే తీస్తే మత్తులకు పోతది, మళ్ల లేపుడు కష్టం" అంది డాక్టరమ్మ.

సాయంత్రం కాకముందే మామ దిగాడు. చేతిలో తులసి తీర్థం సీసా. బయట కిరాయి వ్యాను, అందులో పరుపు.

"పా బిడ్డా, తీసుకపోదాం. వెంటిలేటర్ అంటే ఇగ అయిపోయినట్టే. నా పానం నా ఇంట్లనే పోవాలె అని అక్క ఎన్నిసార్లు అనలే? దవాఖానల పోతే శవాన్ని ఇంటి గడప దాటి లోపలికి రానిస్తరా?"

అమ్మ అన్న మాట నిజమే. వడ్లు ఎండబోసేటప్పుడు, పెళ్లి బంతిలో, ఎక్కడపడితే అక్కడ అందరి ముందూ అన్నదే. కానీ అమ్మ బతికే ఉంది కదా! మామ తన ఫోన్ నా ముందు పెట్టాడు. మా ఇంటి వీడియో. నడింట్లో మంచం తీసేశారు, నేల కడిగి చాప పరిచారు, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బిచ్కుంద పెద్దమ్మ అప్పుడే ఒక కుర్చీలో కూర్చుని ముక్కు చీదుతోంది. పొద్దున అమ్మ సగం తాగి వదిలేసిన చాయ గ్లాసు ఇంకా కిటికీలోనే ఉంది.

"మనిషి బతికుండంగనే చాప పరుస్తరా? బుద్ధుందా మీకు?" అని అరిచాను. నర్సు వచ్చి నన్నే గదమాయించింది.

మామ ఏడుస్తున్నాడు. అక్క మాట నిలబెట్టాలన్న తాపత్రయం తప్ప ఆయన మనసులో ఇంకేం లేదు, అది నాకూ తెలుసు. కళ్లు తుడుచుకుని మంచం దగ్గరికి వెళ్లాడు. "అక్కా, ఇంటికి పోదాం పా" అంటూ మాస్కు పట్టీ మీద చెయ్యి వేశాడు.

అమ్మ కళ్లు తెరిచింది. సెలైన్ సూది ఉన్న చేతితో సహా రెండు చేతులూ ఎత్తి మాస్కును మొహానికి అదుముకుంది. పచ్చడి జాడీలో తడి చెయ్యి పెడితే మమ్మల్ని ఎలా చూసేదో, మామను అలా చూసింది. ఆయన అడుగు వెనక్కి వేశాడు.

మర్నాడు జావ తాగించడానికి కాసేపు మాస్కు తీశారు. ఇంటికి పోకుండా అక్కడే ఉండిపోయిన మామ, మూలన బల్ల మీద తలొంచుకుని కూర్చున్నాడు. అమ్మ రెండు గుక్కలు తాగి ఆయన్ని పిలిచింది.

"నేనన్న మాట నాకు యాదికున్నది తమ్మీ" అంది, ఆగి ఆగి. "గని గప్పుడు నాకు ఊపిరి మంచిగ ఆడుతుండె."