తుంగను గెలిచిన పెద్దమ్మ

1976 జూన్ 22, మంగళవారం, తెనాలి. తెల్లవారుజామున తొలకరి జల్లు పడి, ఆపైన ఎండ కాసింది. వంగ మడిలో పొడిగా ఉన్న చోట తుంగ కలుపు గడ్డలు తవ్వి గట్టు మీద ఆరేశాను. చేతులు కడుక్కుంటుండగా రేపల్లె రైలు బండి దిగి పెద్దమ్మ కొడుకు వచ్చాడు.

"అమ్మ రాత్రి నిద్రలోనే పోయిందిరా" అన్నాడు.

ఆమె మా అమ్మకు అక్క. నేను బడికి వెళ్లింది తక్కువ. మొక్కల గురించి తెలిసిందంతా ఆమె పెరట్లో చూసి నేర్చుకున్నదే. చదివేవారికి ఆమె గెలుపు ఒకటి చెప్పాలని ఉంది.

పదేళ్ల కిందటి మాట. పెదనాన్న పోయాక ఆమె ఇల్లు గడిచేది వెనకనున్న కూరల తోట మీదే. ఆ తోటకు తుంగ పట్టింది. ఆమె మరిది మంచివాడే గాని తొందర మనిషి. వానల్లో పారలతో చెక్కించాడు. తెగిన గడ్డలు తడి మట్టిలో చెదిరి, ముందుకంటే దట్టంగా మొలిచాయి. వంగ, బెండ పసుపుబారిపోయాయి. మరుసటి వేసవిలో ఆయన బాపట్ల వెళ్లి కలుపు మందు డబ్బా తెచ్చాడు.

"ఇదొక్కటే దారి వదినా. ఒకసారి కొడితే చాలు."

"కప్పలకి తగలకుండా కొడతావా?"

"మధ్యలో కప్పలేంటి వదినా!"

"పురుగుల్ని తినేది అవేగా. బావి కూడా ఆ పక్కనే. ఆ డబ్బా అటకెక్కించు. దసరా దాకా తోట నాకొదిలెయ్."

"దసరాకి బాగుపడితే ఈ మీసం తీయించుకుంటా. లేదంటే మందు కొట్టాల్సిందే."

"మంగలికి ఇప్పుడే చెప్పి ఉంచు" అంది పెద్దమ్మ.

నేల ఎండి బీటలు వారాక పని మొదలుపెట్టింది. పార ముట్టనివ్వలేదు. గునపంతో మట్టి పెళ్లలు లేపి, గడ్డ తెగకుండా ఏరి, గట్టు మీద ఎండకు వేయించేది. "తడిలో దాని జోలికెళ్లకు. ముందు దానికి ఎండ చూపించు" అనేది నాతో.

ఒకరోజు పెళ్లల మధ్య తీతువు పిట్ట గుడ్లు కనబడ్డాయి. కూలికొచ్చిన ఆమె బుట్ట కింద పడేసింది.

"అమ్మగారూ, తీతువు! అది అరిస్తే ఇంటికి మంచిది కాదండి, తీసేద్దామండి."

"మనకి చేటు చెయ్యడానికి దానికి తీరికెక్కడిదే? పిల్లల్ని చేసుకోవద్దూ?"

చుట్టూ తాటిమట్టలు పాతి ఆ చోటు వదిలేసింది. అక్కడ తుంగ ఏపుగా లేచింది. "విత్తనానికి వదిలావా వదినా?" అని మరిది నవ్వాడు. పిల్లలు గుడ్లలోంచి వచ్చి కాలవ గట్టుకు పరిగెత్తిన రోజే ఆమె గునపం పట్టుకుని అక్కడ కూర్చుంది.

వానలు పడగానే జనుము ఒత్తుగా చల్లింది. వరి పొలానికి ఎరువుగా అందరూ చల్లేదే, కూరల తోటలో ఎవరూ చల్లరు. "మేతకా? గేదెల్ని కొంటున్నావా పిన్నీ?" అని వీధంతా వేళాకోళం. జనుము ఛాతీ ఎత్తు పెరిగింది. దాని నీడలో మిగిలిన తుంగ పాలిపోయి వాలింది. మొగ్గ తొడగగానే జనుము పీకి నేల మీద పరిచి, ఇంటి కప్పు కొత్తగా నేసినప్పుడు దింపిన పాత తాటాకులు పైన కప్పి, సందుల్లో వంగ నారు నాటింది. ఎక్కడైనా ఒక పోచ తలెత్తితే పొద్దున్నే, కాఫీకి ముందే పీకేది.

దసరాకి మరిది వచ్చి వరస వరసా వంగి వెతికాడు. చివరికి తాటాకు ఎత్తి చూశాడు. కప్ప ఒకటి ఎగిరి ఆయన పాదం మీద కూర్చుంది. సాయంత్రానికి మీసం లేకుండా వచ్చాడు. చూడటానికి వీధంతా మూగింది.

"మళ్లీ పెంచుకోవయ్యా, ఈ మొహం మేం చూళ్లేం" అంది పెద్దమ్మ. ఆ శీతాకాలం ఆమె వంకాయలు బుట్టలకొద్దీ తెనాలి మార్కెట్టుకు వచ్చాయి. డబ్బా అటక దిగలేదు.

ఇవాళ ఆమె ఊళ్లో పాడె లేపే వేళకు తోట మీదుగా తీతువు అరుస్తూ ఎగిరింది. మోసేవాళ్లు ఆగిపోయారు. ఎవరో రాయి అందుకున్నారు. మరిది తెల్లబడిన మీసం మీద చెయ్యి పెట్టుకుని, "వద్దురా. అది మా వదిన పిట్ట. అరవనీయండి" అన్నాడు. రాయి కింద పడింది. కాలవ మలుపు దాకా ఆ పిట్ట మా తల మీదుగానే వచ్చింది.

సాయంత్రం బండికి ఇల్లు చేరాను. గట్టు మీద గడ్డలు సగం ఎండాయి. తూర్పున మబ్బు పట్టింది. మళ్లీ తడవకముందే వాటిని బుట్టకెత్తి చూరు కిందికి చేర్చాను.