స్విచ్ మీద బొట్టు

మా షెడ్డులో సూర్యకళ కంప్యూటర్ పన్నెండేళ్ళు ఆగకుండా తిరిగింది. దాన్ని ఆపింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నసుగుతూ చెప్పడం నాకు చేతకాదు.

నా పేరు జగ్గయ్య. గాజువాక ఆటోనగర్‌లో గురునాథరావు గారి వర్క్‌షాపులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా లేత్ మీద, అంటే ఇనుప కడ్డీని తిప్పుతూ కోసే మెషీను మీద, పని చేస్తున్నాను. పోర్టులో బొగ్గు మోసే బెల్టుల కింద రోలర్లు ఉంటాయి కదా, వాటి ఇరుసులు, అదే షాఫ్టులు, మేమే తయారు చేస్తాం. నాది చేత్తో తిప్పే లేత్. దాని పక్కన ఇంకో లేత్ ఉంది, దాన్ని కంప్యూటర్ నడుపుతుంది. ఆ కంప్యూటర్‌ను సూర్యకళ నడిపేది.

ఆమెది తణుకు దగ్గర పల్లెటూరు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే మొగుడి వెంట ఈ ఊరొచ్చింది. ఆయన ఒకరోజు డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. టైపు వచ్చు కదా అని గురునాథరావు గారు పనిలో పెట్టుకున్నారు. అప్పుడు ఆ కంప్యూటర్ కూడా కొత్తదే. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌసు లేదు. ఏ షాఫ్టుకు ఎక్కడ ఎంత కోత పడాలో అంకెల్లో టైపు చేసి, కేబుల్ గుండా లేత్‌కు పంపాలి. ఇంటర్ తప్పిన మనిషి, ఆర్నెల్లలో నేర్చేసుకుంది. నేనైతే మొదట్లో, ఆడమనిషి, అందులోనూ టైపిస్టు, లేత్ సంగతి దీనికేం తెలుసు అనుకున్నాను. నా తల! ఒకసారి నేను కొలత తప్పు చెబితే, డ్రాయింగు చూడకుండానే "అది నలభై రెండు కదా బాబాయ్" అంది.

పన్నెండేళ్ళ కిందట ఆ కంప్యూటర్ మొరాయించింది. సొహైల్ అనే మెకానిక్ వచ్చాడు. అతనికి ద్వారకా నగర్‌లో కంప్యూటర్ల రిపేరు షాపు ఉంది. రెండు రోజులు కుస్తీ పట్టి లేపాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు. "లోపల డిస్కు ముసలిదైపోనాది. తిరిగినంతసేపూ తిరుగుద్ది. ఒకసారి ఆపితే మళ్ళీ తిరుగుద్దని నాను సెప్పలేను."

అంతే, ఆ రోజు నుంచి సూర్యకళ దాన్ని ఆపలేదు. మరుసటి ఏడే హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా చీకటైతే, పక్క గ్యారేజీ నుంచి లారీ బ్యాటరీలు తెచ్చి ఇన్వర్టరుకు మార్చి మార్చి పెట్టి దాన్ని నడిపింది. షెడ్డు పైరేకులు ఎగిరిపోయినా ఆ బల్ల మీద మాత్రం టార్పాలిన్ కప్పి ఉంది. గురునాథరావు గారు అందరి ముందూ నవ్వుతూ అనేవారు: "ఇది ఆగిన రోజు కొత్తది కొంటానమ్మా, దానికి ఇంజనీరునూ తెచ్చుకుంటాను. అందాకా నీకు ఢోకా లేదు." ఆయన నవ్వుతూ అన్నా లెక్క మాత్రం అదే. అది తిరిగినన్నాళ్ళే ఆమెకు ఉద్యోగం. యాభై ఏళ్ళ మనిషిని, నల్ల తెర తప్ప ఇంకోటి తెలియని మనిషిని, ఇంకెవరు పెట్టుకుంటారు?

ఇక నా ఘనకార్యం సంగతి. ఆయుధపూజ నాడు మా షెడ్డులో ఏ మెషీనూ తిరగకూడదు. అన్నీ కడిగి, తుడిచి, గంధం, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, మర్నాటిదాకా ముట్టుకోం. పూజ చేసేది నేనే. సూర్యకళ మాత్రం ఏటేటా తిరుగుతున్న కంప్యూటర్‌కే బొట్టు పెట్టేది. నాకది గొంతులో ముల్లులా ఉండేది. కిందటి ఏడాది నా వేలి గోరు ఊడింది, వెల్డరు కాలు కాలింది. పూజ నాడు ఒక మెషీనుకు విశ్రాంతి ఇవ్వకపోతే ఇవి జరగవా మరి అని నా మనసులో పడిపోయింది.

ఈసారి ఆమె జ్వరమొచ్చి పూజకు రాలేదు. నేను కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాను. అది బుర్రుమని తిరుగుతోంది. "పన్నెండేళ్ళయింది తల్లీ, ఒక్కరోజు పడుకో" అని చెప్పి స్విచ్ ఆపేశాను. తెరకు, కీబోర్డుకు, స్విచ్‌కు కూడా మూడు వేళ్ళతో గంధం రాసి కుంకుమ అద్దాను. సొహైల్ మాట గుర్తు లేక కాదు. ఆ పూజ ఫలం ముందు సొహైల్ మాట ఎంతలే అనుకున్నాను. అహంకారం, ఇంకేమీ కాదు.

దసరా వెళ్ళాక ఆమె వచ్చింది. స్విచ్ వేసింది. లోపల టక్, టక్ మని రెండుసార్లు అంది, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ వేసింది. అదే టక్ టక్. ఎవరు ఆపారని అడుగుతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను. అడగలేదు. స్టూలు లాక్కుని ఆ నల్ల తెర ముందు కూర్చుంది. నేను తేలు కుట్టిన దొంగలా నా లేత్ దగ్గరికి పోయాను.

చేతిలో నలభై షాఫ్టుల ఆర్డరుంది. గురునాథరావు గారు సొహైల్‌ను పిలిపించారు. నాగవంశీ అని ఇంజనీరునూ కొత్త ల్యాప్‌టాప్‌తో ఆ వారమే రమ్మన్నారు. సొహైల్ డిస్కు ఊడదీసి, తువ్వాలులో చుట్టి, మిట్టమధ్యాహ్నం రేకు మీద ఎండలో పెట్టాడు. వేడెక్కాక చేత్తో ఒక్క విదిలింపు విదిలించి బిగించాడు. తిరిగింది!

"ఇదే ఆకరు. ఇప్పుడే అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించీయండి" అన్నాడు.

ఆ నల్ల తెర మీద ఏం టైపు చేయాలో తెలిసింది ఆమె ఒక్కదానికే. "ఫైళ్ళు రావడం లేదండీ" అని ఒక్క మాట అంటే ఎవరూ కాదనేవారు కాదు. అవన్నీ కొత్తదాంట్లోకి వెళ్తే తను బయటికే అని ఆమెకూ తెలుసు. మూడు గంటలు కూర్చుని మూడు వందల ఎనభై ఆరు ఫైళ్ళూ పంపించింది. మంచినీళ్ళకు కూడా లేవలేదు.

నాగవంశీ ల్యాప్‌టాప్ తెరిచి తల పట్టుకున్నాడు. ఒక్క ఫైలుకూ షాఫ్టు పేరు లేదు. దొండ, వంకాయ మూడు, గోంగూర, నెత్తళ్ళు, ఆనప రెండు.

"ఇవేంటి మేడమ్?"

"ఆ రోజు నా క్యారియర్‌లో కూరండీ" అంది సూర్యకళ. "పేరుకి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే పడతాయి కదా అందులో. నంబర్లు పెడితే మర్చిపోతాను, కూర పెడితే మర్చిపోను. నెత్తళ్ళంటే పొడుగు రోలర్ షాఫ్టు. ఆ రోజు ఆ చేపల వాసనకి జగ్గయ్య బాబాయ్ నా క్యారియర్ సగం తినేశాడు."

షెడ్డంతా ఘొల్లుమంది. గురునాథరావు గారు నవ్వి, ఏ కూర ఏ షాఫ్టో ఒక పుస్తకంలో రాసి ఇవ్వమన్నారు. నెలాఖరు దాకా టైమిచ్చారు. ఆ తర్వాత ఏమిటన్నది ఆయన అనలేదు, ఎవరూ అడగలేదు.

ఆమె రోజుకు ఇరవై చొప్పున రాసేది. పదో రోజున ఇక ఉండబట్టలేక పక్కన కూర్చున్నాను.

"ఓ యాభై రాయకుండా ఒగ్గీయమ్మా. ఆల్లకి నీ అవసరం ఉండాల గదా. అన్నీ రాసిచ్చేత్తే నిన్ను ఉంచుతారేటి?"

ఆమె పెన్ను ఆపలేదు. "మా ఆయన పోయినప్పుడు బీరువా తాళం ఎక్కడ పెట్టారో, ఏ కాగితం ఎక్కడ ఉందో నాకు తెలీదు బాబాయ్. ఆర్నెల్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఆయన మీద ఏడుపు కన్నా కోపమే ఎక్కువొచ్చేది. అలా ఇంకొకళ్ళు నన్ను తిట్టుకోవడం నాకిష్టం లేదు."

ఆ సాయంత్రం నేను నేరుగా గురునాథరావు గారి గదికి వెళ్ళి, ఆపింది నేనే బాబూ, జీతం కోస్తే నాది కొయ్యండి అన్నాను. ఆయన పకపకా నవ్వారు. "మంచి పనే చేశావయ్యా! లేకపోతే ఇంకో పదేళ్ళు ఆ డొక్కునే లాగేవాళ్ళం." భుజం తట్టారు కూడా. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

నెలాఖరు వచ్చింది. మూడు వందల ఎనభై ఆరూ రాసిన పుస్తకాన్ని నాగవంశీ చేతిలో పెట్టింది. అతను మంచివాడే, లేచి నిలబడి రెండు చేతులతో తీసుకున్నాడు. ఆమె క్యారియరు, చెప్పుల కవరు, గోడకున్న క్యాలెండరు సంచిలో సర్దుకుంది. గేటు దాకా సంచి నేనే మోశాను. అక్కడ ఇక ఆగలేకపోయాను.

"సూర్యకళమ్మా, పూజ నాడు దాన్ని ఆపినోణ్ణి నానే. నెల్లాళ్ళనుంచీ సెప్పనేక సత్తన్నాను. నీ కూడు నానే తీసీసినాను."

"తెలుసు బాబాయ్" అంది.

"ఏటి? ఎలా తెలుసు? ఎవులు సెప్పారు?"

"స్విచ్ మీద బొట్టు పెట్టావు కదా. మూడు వేళ్ళ గంధం. ఈ షెడ్డులో అలా పెట్టేది నువ్వొక్కడివే."

మొదటి రోజే చూసిందన్నమాట. నెలంతా నా ఎదురుగానే కూర్చుని, తన క్యారియర్‌లోంచి నాకు కూర కూడా వేసి, ఒక్క మాట అనలేదు.

"మరి తిట్టనేదేటమ్మా?"

"దాని మీద ప్రేమతోనే ఆపావు, తిట్టి ఏం లాభం?" అని సంచి అందుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "కానీ నాకు ఫోన్ చేయాల్సింది బాబాయ్. జ్వరంలో ఉన్నా ఫోన్ పక్కనే ఉంది. ఒక్కసారి అడిగితే ఆపొద్దని చెప్పేదాన్ని కదా."

గాజువాక జంక్షన్ వైపు వెళ్ళే ఆటో వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయింది.