ఖాళీ గూడుబండి

మొన్న మా కోడలు డాబా మీద ఉతికిన దుప్పట్లు ఆరేసింది. రెండు తాళ్ళు, రెండు వరసలు, మధ్యన మనిషి నడిచేంత సందు. వడియాలు తిరగేద్దామని ఎక్కినదాన్ని, ఆ సందులో నడుస్తూ నడుస్తూ ఫక్కున నవ్వేశాను. "ఏటయ్యిందత్తయ్యా?" అని కోడలు కంగారుపడింది. ఏమయిందని చెప్పను? ఈ సందులోంచే మా నాయనమ్మ తప్పించుకుందే అంటే నమ్ముతుందా!

మీకు మొదట్నుంచీ చెప్పాలి. మా ఇళ్ళల్లో ఘోషా ఉండేది. ఘోషా అంటే పరాయి మగాడి కంట ఆడదాని కాలిగోరు కూడా పడకూడదన్నమాట. గొంతూ వినపడకూడదు, పేరూ బయటికి రాకూడదు. మా నాయనమ్మ పేరు ఆవిడ పోయేదాకా ఊళ్ళో ఒక్కరికీ తెలీదు. ఆవిడ ఎక్కడికైనా కదిలిందంటే ఓ పెద్ద హడావిడి. ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగుతుందంటే ముందే మా కంబార్లు, అదే పొలం పనివాళ్ళు, నలుగురు వచ్చి నిలబడేవారు. అటిద్దరూ ఇటిద్దరూ రెండు పొడుగాటి దుప్పట్లు గోడల్లా పట్టుకుని, మొహాలు మాత్రం బయటికి తిప్పుకుని, రైలు మెట్టు దగ్గర్నుంచి గూడుబండి దాకా నడిచేవారు. లోపల ఆడవాళ్ళు. దుప్పట్లు పట్టినవాడు పొరపాటున లోపలికి చూశాడో, మా తాతగారు వాడి తోలు వలిచేసేవారు. ఆయన మాట అంటే ఊరంతా హడలే.

నాకప్పుడు పన్నెండేళ్ళుంటాయి. విజయనగరంలో చుట్టాల పెళ్ళి చూసుకుని, నేనూ నాయనమ్మా ఆడవాళ్ళ పెట్టెలో, తాతగారు మగవాళ్ళ పెట్టెలో తిరిగొస్తున్నాం. బయల్దేరే ముందు తాతగారు గుమ్మం అవతల నిలబడి ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయారు. "పిల్లకి ఇంక బడి చాలు. రేపట్నుంచి ఘోషాలో కూచోబెట్టండి." అంతే. నేను రైలంతా ఏడుస్తూనే ఉన్నాను. నాకు బడంటే ప్రాణం. లెక్కలంటే మరీనూ. నాయనమ్మ ఓదార్చలేదు, కిటికీ రెక్క సందులోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆవిడ కూడా అంతేలే అనుకుని ఆవిడ మీద కోపం తెచ్చుకున్నాను.

స్టేషన్లో దిగాం. దుప్పట్లు లేచాయి. నాలుగడుగులు వేశామో లేదో నా చెప్పు ఉంగటం తెగింది. నేను ఆగి వంగాను. నాయనమ్మా ఆగింది. దుప్పట్లు ఆగుతాయా? ఆగవు! వాళ్ళ మొహాలు అటు తిరిగున్నాయి కదా. ఆ నలుగురూ మమ్మల్ని వదిలేసి, ఖాళీ సందుని భయభక్తులతో మోసుకుంటూ గేటు దాటిపోయారు. మేమిద్దరం పట్టపగలు, ప్లాట్‌ఫారం నడిమధ్య, బట్టబయలు.

పిలుద్దామని నేను నోరు తెరిచాను. నాయనమ్మ నా నోరు మూసేసింది. "ఉష్! పోనీయే" అంది. ఆవిడ కళ్ళల్లో అలాంటి మెరుపు నేనెప్పుడూ చూడలేదు. బయట గూడుబండిలో కూలీ పడేసిన ట్రంకుపెట్టె దబ్బుమంది. మేమే ఎక్కామనుకున్నారు. తెరలు దించారు. తాతగారు బండివాడి పక్కన కూర్చున్నారు. ఎడ్లు కదిలాయి. అది చూసి నాయనమ్మ నవ్వడం మొదలుపెట్టింది చూడండీ, పొట్ట పట్టుకుని బెంచీ మీద కూలబడిపోయింది.

"ఇప్పుడేటి సేద్దాం నాయనమ్మా?" అన్నాను.

"అరసవల్లి ఎల్దాం. ఎన్నోసార్లు తీసికెళ్ళారు గానీ, దేవుడికీ నాకూ మధ్యన ఎప్పుడూ దుప్పటే."

సూర్యనారాయణమూర్తికి కొంగున కట్టుకున్న ముడుపు విప్పి బస్సు టిక్కెట్లు కొంది. ఆయనకి చేరాల్సిన డబ్బుతో ఆయన దగ్గరికే వెళ్తున్నాం, తప్పేం ఉందని వాదన! దర్శనం చేసుకున్నాం. తర్వాత గుడి ముందు మెట్ల మీద, మిట్ట ఎండలో, ముసుగు తీసి మొహం పైకెత్తి కూర్చుంది. జనం అటూ ఇటూ పోతున్నారు. ఒక్కడూ ఆవిడ్ని పట్టించుకోలేదు. "సూసేవే, లోకం ఏటీ మునిగిపోలేదు" అంది. ఆవిడ బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది. నాకూ ఏడుపొచ్చేసింది. హోటల్లో బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తిన్నాం. సాంబారు మళ్ళీ అడిగి పోయించుకుంది మహాతల్లి.

శ్రీకూర్మం దారిలో మా ఊరు. బస్సు దిగి వీధిలో నేను నాయనమ్మ చాటుగా నడుస్తుంటే అరుగు మీద పేకాడుతున్న పెద్దాయన, "ఏ ఊరమ్మా మీది? ఎవులింటికి?" అనడిగాడు. నాయనమ్మ ఆగింది. "ఈ ఊరే బాబూ. ఓడిపోయినప్పుడల్లా మీరు దగ్గుతారే, ఆ దగ్గు మా వంటింట్లోకి ఇనిపిస్తాది" అంది. ఆయన చేతిలో ముక్కలు జారిపోయాయి. వీధి మలుపు తిరిగాక నా చెయ్యి పట్టి లాగింది. "ఒసే, ఆ మేడ ఎవులిదే?"

"మనదే నాయనమ్మా!"

"అబ్బో! కాపరానికొచ్చిన కాణ్ణుంచి లోపల్నుంచే సూశాను. బయటికింత బాగుంటాదా?" అని నడుం మీద చేతులు పెట్టుకుని తీరిగ్గా చూసింది.

ఇంట్లో అప్పటికే గోల. బండి అంతకు ముందే చేరింది. తెర ఎత్తితే ట్రంకుపెట్టె ఉంది, మనుషులు లేరు. స్టేషనుకి మనిషిని పంపుదామంటే, ఆవిడ ఎలా ఉంటుందో తెలిసినవాడు ఒక్కడూ లేడు. పేరు పెట్టి అడగడానికీ లేదు. తాతగారు వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. మమ్మల్ని చూసి కొయ్యబారిపోయారు. ఇప్పుడు కొడతారనుకుని నేను నాయనమ్మ వెనక్కి నక్కాను. బండివాడూ కంబార్లూ తలలు దించేసుకున్నారు. నాయనమ్మ మాత్రం ముసుగు వేసుకోలేదు.

"దారంతా తెరవైపు తిరిగి చెప్తూనే ఉన్నాను" అన్నారు తాతగారు. "పిల్లకి ఘోషా ఎందుకు మంచిదో అంతా చెప్పాను. నువ్వు..."

"నేనేటన్నానండీ?"

"ఏమీ అనలేదు. ఒప్పుకున్నావనుకున్నాను."

"నేను లేనుగదండీ బండిలో!" అంది నాయనమ్మ. ఆవిడ గొంతు వీధిదాకా వినిపించింది. "ఇన్నేళ్ళూ కూడా ఇంతే. మీరు తెరకి సెప్పుకున్నారు, తెర ఒప్పుకున్నాది. నన్నడగలేదు. ఇప్పుడు ఎదురుగా ఉన్నాను, ఇప్పుడడగండి. పిల్ల రేపు బడికెల్తాది."

బండివాడు ఆపుకోలేక కిసుక్కుమన్నాడు. తాతగారు వాడివైపు చూడలేదు. ఆవిడ మొహంకేసే చూస్తున్నారు. దీపం వెలుగులో తప్ప చూడని మొహం ఎండలో చూస్తున్నారు పాపం. "ఎండకి కందిపోయావు. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగు" అన్నారు. తర్వాత నాకేసి తిరిగి, "బడికి ఆ తెగిన చెప్పుతో పోతావేటే?" అన్నారు.

మర్నాడు కొత్త చెప్పులతో బడికెళ్ళాను. ఆ తర్వాత నలభై ఏళ్ళు బడి వదల్లేదు, ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెప్తూనే ఉన్నాను. ఆ దుప్పట్లంటారా? ఆ వేసవిలోనే నాయనమ్మ వాటిని డాబా మీద పరిచి, నడివీధికి కనపడేలా కూర్చుని, వాటి మీద వడియాలు పెట్టింది. కింద పోయేవాళ్ళని గొంతుని బట్టి పలకరించేది. ఆ వడియాల రుచి మళ్ళీ నా చేతికి రాలేదు.

ఆ రోజు ఖాళీ బండి ఇంటికి చేరడానికి ఒక్క పూట పట్టింది. అందులో మేం లేమని మా ఇంటికి తెలియడానికి మాత్రం కొన్ని తరాలు పట్టింది.