పేతురన్న సుద్దగీతలు

“ఏడడుగుల లోతా? పిల్లలు ఈదాల్నా, మునగాల్నా?”

“ఒక దిక్కు మూడడుగులే గదనే అవ్వా. లోతు గా దిక్కు. అందరు గట్లనే కడ్తరు.”

“అందరు కడ్తే కట్టుకోనియ్. నా పెరట్ల వద్దు. ఎండకాలం నల్లా రెండు దినాలకోసారి వస్తది. బిందె నీళ్లకు కొట్లాడి బతికినోళ్లం, గిప్పుడు గుంత తవ్వి పోసుకుంటమా?”

“మరి నిన్న శ్రీజ యాడికి పోయిందో నీకెర్కనే గదా. రేపు మళ్ల పోతే? నువ్వు పోయి గా గుంత కాడ కావలి కూసుంటవా?”

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నా పాత అలవాటు. “కావలే కూసుంట. ఈడ మాత్రం పలుగు దిగనియ్య” అన్నాను. నా కొడుకు సంపత్ కొలను బొమ్మ గీసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

నేను పెరటి గడప మీద కూర్చున్నాను. పొద్దున మేస్త్రీ వచ్చి నేల మీద సున్నంతో గీతలు పోసి వెళ్లాడు. మధ్యాహ్నపు ఎండకు ఆ సున్నం వాసన ముక్కుకు తగులుతూ ఉంది. తెల్లటి గీతను చూస్తే నాకు ఇప్పటికీ ఒక్క మనిషే గుర్తుకొస్తాడు, పేతురన్న.

ముందు రోజు జరిగింది చెప్పాలి. సంపత్ కూతురు శ్రీజకు పదకొండేళ్లు. స్నేహితురాళ్లతో కలిసి మూతపడిన ఓపెన్‌కాస్టు గని దగ్గరికి వెళ్లి తడి జుట్టుతో ఇంటికి వచ్చింది. బొగ్గు తీసేసిన ఆ గుంతలో ఏళ్లుగా వాననీళ్లు నిలిచి ఉన్నాయి. “మోకాళ్ల దాకనే దిగిన నానమ్మా” అన్నది. అక్కడ ఒక అడుగు మోకాళ్ల దాకా ఉంటే, తర్వాతి అడుగుకు నేలే ఉండదు. ఆ సాయంత్రమే సంపత్ పెరట్లో చిన్న ఈత కొలను కట్టిస్తానన్నాడు. మన కళ్ల ముందు ఈదితే పిల్ల అటు వెళ్లదని వాడి ఆలోచన.

నేను పెళ్లై గోదావరిఖనికి వచ్చేనాటికి నాకు పదిహేడేళ్లు. మూడో తరగతితో చదువు ఆగింది. బొగ్గుగనుల కంపెనీ మాకు ఇచ్చిన క్వార్టరు రెండు గదులది, పాతది. పక్క క్వార్టరులో పేతురన్న కుటుంబం ఉండేది. ఆయన గనిలో సర్దారు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా లోపలికి వెళ్లి, చేతికర్రతో పైకప్పును తడుతూ చెవి పెట్టి వినడం ఆయన పని. కప్పు ఖంగుమంటే మంచిది. డొల్లగా పలికితే అక్కడ సుద్దతో అడ్డంగా రెండు గీతలు గీసేవాడు. ఆ గీతలు దాటి ఏ కార్మికుడూ అడుగు వేయడు. మా ఆయన కూడా ఆయన కిందే పని చేసేవాడు.

మేము సామాను దించిన రోజే పేతురన్న కర్ర పట్టుకుని వచ్చాడు. ‘కూసో’ అనేలోపే వంటగది కప్పును తట్టడం మొదలుపెట్టాడు. పొయ్యి పెట్టే మూలకు రాగానే ఆగి, మళ్లీ తట్టి, జేబులోంచి సుద్దముక్క తీసి రెండు గీతలు గీశాడు.

“చెల్లె, ఈ మూలకు పొయ్యి వెట్టకు.”

“మరి యాడ వెట్టాలె అన్నా? ఉన్నదే గంత జాగ.”

“ఇప్పటికైతే బయట వండుకో.”

పది రోజులు బయట వండాను. గాలికి మంట నిలిచేది కాదు, కట్టెలు రెట్టింపు కాలేవి. కట్టె వృథా అవుతుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఇంతలో మా అన్నలు చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. కొత్త కాపురంలో నెత్తి మీద ఆ గీతలేమిటని అడుగుతారేమోనని సిగ్గుపడి, పీట ఎక్కి తడిగుడ్డతో తుడిచేశాను. పొయ్యి లోపలికి తెచ్చి అదే మూలన పెట్టాను.

అది ఆదివారం. పేతురన్న తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్తూ తలుపులోంచి తొంగిచూశాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన మాత్రం లోపలికి వచ్చి, పొయ్యిని పక్కకు జరిపి, ఆ మూలనే పీట వేసుకుని కూర్చున్నాడు.

“అన్నా, లేవుండ్రి! ఆడ కప్పు మంచిగ లేదంటిరి గదా!”

“ఏది? గుర్తు లేదు గదా చెల్లె. నువ్వు తుడిచినవంటే బాగైనట్టే గదా.”

“అయ్యో, లేవుండ్రన్నా, నాకు బయమైతున్నది.”

“నేను గడియ కూసుంటేనే నీకు బయమైతున్నది. రోజు రెండు పూటలు నువ్వు కూసుంటే మాకు కాదా? నువ్వు తుడిచింది గీతను. కప్పును కాదు.”

నా చేతులతోనే పొయ్యి మోసుకెళ్లి బయట పెట్టాను. ఆ తర్వాతే ఆయన పీట మీది నుంచి లేచాడు. ఆ రోజు చర్చికి ఆలస్యమైందని వాళ్లావిడ నన్ను వారం రోజులు ఎత్తిపొడిచింది.

మర్నాడు డ్యూటీ దిగి రాగానే భుజాన రెండు దుంగలతో వచ్చాడు. ఒంటి మీద బొగ్గుమసి అలాగే ఉంది. కప్పు కింద అడ్డంగా ఒక చెక్క పెట్టి, దానికి దుంగలు నిలబెట్టి, సందుల్లో చెక్క చీలికలు కొట్టి బిగించాడు. మళ్లీ కర్రతో తట్టి విన్నాడు. ఆ తర్వాత దాని కిందే నిలబడి, నేనిచ్చిన చాయ్ నింపాదిగా తాగాడు.

“ఇగ వెట్టుకో పొయ్యి.”

“గింత పని చేసేటోళ్లు, మొదట్నే చెయ్యకపోతిరా అన్నా?” అన్నాను. పది రోజుల కట్టెల బాధ నా కడుపులో ఇంకా చల్లారలేదు.

ఆయన నవ్వాడు. “తప్పు నాదే. వద్దని గీత గీసుడు సగం డ్యూటీనే చెల్లె. ఆసరా వెట్టి, ముందుగాల నేను నిలవడి, ఎనుక మిమ్ముల రమ్మనుడు మిగిలిన సగం. గీతలు గీసి ఇంటికి పోతే బొగ్గెవలు తీస్తరు?”

ఆయన రిటైరైన రోజున ఆ చేతికర్ర నాకిచ్చాడు. “నా బిడ్డలకు ఇది వట్టి కట్టె. నీకైతే దీని కత ఎర్క” అన్నాడు. తర్వాత గోలేటిలో కూతురి దగ్గర ఉండి, అక్కడే పోయాడు. కర్ర మా తలుపు వెనక ఉంది. కుక్కలను అదిలించడానికీ జామకాయలు రాల్చడానికీ వాడుతున్నాను. వస్తువును ఊరికే ఉంచడం నాకు చేతకాదు.

గడప మీద కూర్చుని ఆ మాటలు తలచుకుంటుంటే నా తప్పు నాకే కనబడింది. పేతురన్న దగ్గర నేను నేర్చుకున్నది మొదటి సగమే. పిల్లలను వద్దు, వద్దు అంటూనే పెంచాను. గోదావరి ఇంత దగ్గరున్నా సంపత్‌ను ఏనాడూ నీళ్లలో దిగనివ్వలేదు. నలభై ఏళ్లు దాటినా వాడికి ఈత రాదు. నిన్న ఆ గుంత దగ్గర శ్రీజ కాలు జారి ఉంటే, వాడు ఒడ్డునే ఉన్నా దూకి పట్టుకోగలిగేవాడు కాదు. ఆ ఆలోచన వచ్చాక ఇక కూర్చోలేకపోయాను.

కర్ర తీసుకుని సున్నపు గీతల వెంట నడిచాను. నేలను పొడుచుకుంటూ వెళ్తే, ప్రహరీగోడ పక్కన కర్ర మొన జానెడు లోతుకు దిగిపోయింది. క్వార్టరు వదిలి ఈ ఇల్లు కట్టిన రోజుల్లో మిగిలిన రాళ్లూ రప్పలూ పోసి పూడ్చిన చోటు అది. కొత్త మేస్త్రీకి ఆ సంగతి తెలియదు, సంపత్‌కు గుర్తులేదు. వాళ్లు లోతు పెట్టాలనుకున్నది సరిగ్గా అక్కడే. తవ్వితే ప్రహరీ కూలేది. జామచెట్టు దిక్కు నేల గట్టిగా ఉంది.

శ్రీజ బడి నుంచి వచ్చింది. “ఏం చేస్తున్నవ్ నానమ్మా?”

“ఇటు రా. సక్కగ నిలవడు.” కర్రను దాని పక్కన నిలబెట్టి, ఛాతీ వరకు వచ్చిన చోట సుద్దతో గీత పెట్టాను.

“గింతనేనా లోతు? నాన్నకు నడుము దాక సుత రాదు.”

“మంచిదే. ఆయనకు సుత ఈత రాదు. ఇద్దరు ఒక్కసారే నేర్సుకోండ్రి.”

అది నవ్వలేదు. “మరి నువ్వు వద్దంటివి గదా?” అన్నది.

“ఏడడుగులకు వద్దన్న. గా గని గుంతకైతే ఇప్పుడు సుత వద్దే అంటున్న” అన్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి మేస్త్రీ వచ్చాడు. కర్ర మీది గీత చూపించి చెప్పాను. రెండు దిక్కులా ఇదే లోతు, దిగడానికి మెట్లు, చుట్టూ ఇనుప జాలి, జాలికి గొళ్లెం, మార్చే నీళ్లు వాటిలో కలిపే మందు ఘాటు పోయాక చెట్లకు. పూడ్చిన నేల కూడా చూపించాను.

“అవ్వా, గింత లోతుంటే దాన్ని కొలను అనరు, తొట్టి అంటరు.”

“తొట్టే అను. నీళ్లు వెట్టినంక ముందుగాల దిగేది నేనే.”

సంపత్ పళ్లు తోముకుంటూ వచ్చి, కర్ర పట్టుకుని పూడ్చిన చోట తనే పొడిచి చూశాడు. జేబులోని కాగితం తీసి మేస్త్రీకిచ్చి, “అవ్వ చెప్పినట్టే గియ్యి” అన్నాడు. మేస్త్రీ పాత గీతలను కాలితో చెరిపి, జామచెట్టు దిక్కు కొత్తగా సున్నం పోశాడు. నేను కర్ర పట్టుకుని ఆ గీతల లోపలికి వెళ్లి నిలబడ్డాను. ఏడింటికి మొదటి పలుగు దిగింది.