అరవనివాళ్ళ వరస

పోయిన నెల మా ఆడపడుచును ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు, తలుచుకుంటే చాలు, ఛీ, లోపల ఏదో రోత పుడుతుంది. కోటవురట్ల నుంచి నన్ను చూసిపోదామని వచ్చిన మనిషి, ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుని, గుండె మీద బరువు పెట్టినట్టుందని, ఎడమ చెయ్యి లాగుతోందని, ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. బతుకంతా నర్సుగా చేసినదాన్ని, ఆ చెమట చూస్తే నాకు తెలియదా? దొరికిన ఆటో ఎక్కించి నర్సీపట్నంలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తాను.

హాలు చూస్తే కల్యాణమండపంలా ఉంది. కౌంటరులో పిల్ల తలెత్తకుండా ఆధార్ నంబరు అడిగి, ఫోన్ నంబరు అడిగి, ఆ ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి, టోకెన్ చేతిలో పెట్టి, నంబరు వచ్చినప్పుడు పిలుస్తాం, కూర్చోండి మేడమ్ అంది. గుండె నొప్పమ్మా అన్నాను. ఓకే మేడమ్, కూర్చోండి అంది, అదే తేనె పూసిన గొంతుతో. తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది. గోడమీద టీవీలో అదే ఆసుపత్రి గొప్పలు అదే పనిగా తిరుగుతున్నాయి. ఎవరో నాయకుడి చేత ఫోను చేయించుకుని వచ్చిన ఖద్దరు చొక్కా ఆయన మాత్రం టోకెనూ గీకెనూ లేకుండా నేరుగా లోపలికి పోయాడు. మా ఆడపడుచు నోట్లో నాలుక లేని మనిషి. చెంగుతో చెమట తుడుచుకుంటూ, “మనకంటే ముందొచ్చినోళ్ళున్నారు గదొదినా, ఆగుదుం,” అంటోంది.

ఆ మాట విన్నప్పుడే నాకు, నేను మొదట చేరిన మిషను ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద, మా పెద్ద సిస్టరుగారు గుర్తొచ్చారు. నా ఈడు వాళ్ళకు ఆ కాలపు మిషను ఆసుపత్రుల సంగతి చెప్పనక్కరలేదు: పెంకుల వరండా, ఉన్నది ఒక్క డాక్టరుగారు, కిరసనాయిలు స్టవ్వు మీద మరుగుతున్న సూదులు, రోలుగుంట వైపు నుంచి తెల్లారకముందే బయలుదేరి వచ్చి వరండా పొడుగునా కూర్చున్న జనం. ముందు ప్రార్థన, తర్వాతే వైద్యం. వచ్చినవాళ్ళలో చెరకు రైతులు, జీడిమామిడి తోటలవాళ్ళు, మా మతం కానివాళ్ళే ఎక్కువ. అయినా ఏ దేవుడైతేనేం జ్వరం తగ్గితే చాలని వాళ్ళూ చక్కగా చేతులు జోడించి కళ్ళు మూసుకునేవారు. కళ్ళు మూయనిది ఒక్క పెద్ద సిస్టరుగారే. ఆ సంగతి నీకెలా తెలిసిందని అడక్కండి, కొత్తగా చేరిన పిల్లకు ప్రార్థనలో కళ్ళు నిలుస్తాయా!

చర్చి సంఘపెద్దగారు పొడుగ్గా ప్రార్థిస్తూ ఉంటే ఈవిడ గోడకు ఆనుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకు మొహాలన్నీ చూసేవారు, ఎవరి డొక్క ఎలా ఎగురుతోంది, ఎవరి పెదవి ఏ రంగులో ఉంది అని. ఆమేన్ అనేసరికి ఎవరు ముందో ఎవరు వెనకో ఆవిడ మనసులో తేలిపోయేది. ముందొచ్చినవాడు ముందు అన్న లెక్క అక్కడ లేదు. ఒకరోజు ముందు వరసలో ఒక మోతుబరి పంటినొప్పికి ఇల్లెగిరిపోయేలా కేకలు పెడుతున్నాడు, చిట్టచివర స్తంభం పక్కన ఒక తల్లి ఒళ్ళో బిడ్డతో బెదురుగా కూర్చుంది. ఆ బిడ్డ ఏడవడం లేదు. ప్రార్థన ఇంకా సగంలో ఉండగానే పెద్ద సిస్టరుగారు అందరినీ దాటుకుంటూ పోయి ఆ బిడ్డను ఎత్తుకుని డాక్టరుగారి గదిలోకి నడిచారు. నేను వెనకాలే పరుగెత్తి, మరి ఆయన అంతగా అరుస్తున్నారు కదండీ అన్నాను. “అరిసీవోడికి ఊపిరుందే పిల్లా. అరవనోడిని సూడు, బేగి!” అన్నారు.

బిడ్డ దక్కింది. కానీ సంఘపెద్దగారు ఒంటికాలి మీద లేచారు, ప్రార్థనను కాళ్ళతో తొక్కిందని. కమిటీ కూర్చుంది. ఇకమీదట ప్రార్థనలో అందరితోపాటు కళ్ళు మూసుకోవాలని ఆవిడకు గట్టిగా చెప్పారు. ఆవిడ ఎదురాడలేదు, అలాగేనండీ అన్నారు. మర్నాటి నుంచి భక్తిగా కళ్ళు మూసుకునే నిలబడ్డారు, ముందురోజు సాయంత్రమే నన్ను పక్కకు పిలిచి, రేపట్నుంచి తెరవాల్సిన కళ్ళు నీవి అని చెప్పేసి మరీ. నా తర్వాత చేరినవాళ్ళకు ఆ పని నేను నేర్పాను. ఆసుపత్రిని నడపడమంటే అదేననుకుంటూ రిటైరయ్యాను.

సరే, ఆ హాల్లో నేనేం చేశానంటారా? మా ఆడపడుచు పెదవులు రంగు మారేదాకా చూసి, లేచి, మనిషి పోతోందిరా, కళ్ళు దొబ్బాయా మీకు అని ఆసుపత్రి దద్దరిల్లేలా అరిచాను. ఈ వయసులో, నలుగురిలో! మరుక్షణం చక్రాల కుర్చీ వచ్చింది, ఇద్దరు నర్సులొచ్చారు, డాక్టరే బయటికి వచ్చాడు, ఈసీజీ తీశారు, సూది వేశారు, ఆక్సిజన్ పెట్టి అంబులెన్సులో విశాఖపట్నం పంపారు. అసలు రోత అక్కడ పుట్టింది నాకు. ఏమీ లేక చూడకపోతే అర్థముంది, మాకు ఆ రోజుల్లో ఏముంది గనక. అన్నీ ఉండి, అందరూ ఉండి, కేక కోసం కూర్చున్నారు! పక్క కుర్చీలో గోడకు తల ఆనించుకుని కూర్చున్న ముసలాయన వెంట అరవడానికి ఎవరూ లేరు. నోరున్నవాడిదే రాజ్యమంటే పంచాయతీల్లో చెల్లుతుంది కాబోలు, ఆసుపత్రిలో కూడానా? థూ!

ఆడపడుచు బతికింది. ఇక నెలనెలా చూపించుకోవాలట. తిరిగి ఇంటికి తెచ్చాక మంచం పక్కన కూర్చుని పాఠం మొదలుపెట్టాను: నేను వెంట లేనప్పుడు మళ్ళీ ఇలా వస్తే, గుమ్మంలోనే గట్టిగా అరువు, కింద పడి దొర్లు, నవ్వితే నవ్వనీ, సిగ్గుపడకు. ఏళ్ళ తరబడి చిన్న నర్సులకు అరవనివాళ్ళను వెతకమని చెప్పిన నోరే ఇది. ఆ రోజుల్లో మనిషికి అరవడం రాకపోయినా బతకడానికి వీలుండేది.

అంతా విని ఆమె నవ్వింది. “నాకు అరవడం రాదొదినా. నువ్వున్నావు గదా,” అంది.

ఆమె కంటే నేను పదేళ్ళు పెద్దదాన్నన్న సంగతి ఆమెకు తోచినట్టు లేదు. దుప్పటి సర్ది లేచాను.