మా మేడ మీద రాగి ఏనుగు

నా చిన్నప్పుడు నాకు గాలంటే భయం. చీకటికో పాముకో భయపడే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. నేను మాత్రం కొబ్బరి మట్ట కాస్త గట్టిగా ఊగితే చాలు, చేతిలో ఉన్నది అక్కడే పడేసి, బస్తాల గదిలోకి పరుగెత్తి రెండు వరసల మధ్య దూరి కూర్చునేదాన్ని. బడికి వెళ్లే దారిలో గాలి లేస్తే ఎవరో ఒకరి అరుగు ఎక్కి కళ్లు మూసుకునేదాన్ని. కొన్నాళ్లకు ఆ దారి తొక్కడమే మానేశాను.

కారణం అంతకు ముందు ఏడాది వచ్చిన తుఫాను. వెనక వసారా గదిలో అమ్మ పక్కన పడుకుని ఉండగా నెత్తిమీద పెంకులు ఒక్కొక్కటీ కాదు, ఒకేసారి లేచిపోయాయి. పైకి చూస్తే కప్పు ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎండలు వచ్చేలోగా పెంకులు మళ్లీ నేయించారు. నా భయం మాత్రం అలాగే ఉండిపోయింది. అమ్మ తాయెత్తు కట్టించింది. నాన్న గదమాయించి చూశాడు. రెండూ పనిచేయలేదు.

మాది నరసన్నపేట. మా తాతయ్యది అపరాల వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్లలో వరి కోసిన చేలల్లో పండిన మినుములు, పెసలు కొని, పెరట్లో ఎండబెట్టించి, ఆడకూలీల చేత పొట్టు గాలికి పోయేలా చేటలతో ఎగరబోయించి, బస్తాలకెత్తించి అమ్మేవాడు. వీధి వైపు ఒక డాబా గది, దాని వెనక పెంకుటిల్లు, ఆ వెనక పెరడు. మాకు దక్షిణాన, గోడకు గోడ ఆనుకుని పక్కింటి అక్క వాళ్ల చిన్న పెంకుటిల్లు. ఆమె భర్త లారీ నడిపేవాడు. ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. ఉత్తరపు గాలి వీచేటప్పుడు మేము ఎగరబోస్తే దుమ్మూ పొట్టూ అంతా ఆమె వంటింట్లోనే పడేది.

ఒకరోజు ఆమె గోడ మీంచి తల పెట్టి, "బాబాయ్, మా కూరలో ఉప్పు సాలకపోతే నేనేసుకుంటాను గానీ, మీ పొట్టు పంపకు" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే అంది. తాతయ్య కూడా నవ్వాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన, డాబా మీద గాలి దిక్కు చూపించే బొమ్మ ఒకటి పెట్టిస్తానన్నాడు. ఎప్పుడో వ్యాపారం పని మీద భీమిలి వెళ్లినప్పుడు సముద్రం ఒడ్డున ఒక పాత బంగ్లా మీద ఇనుప కోడి ఒకటి చూశాడట. గాలి ఎటు నుంచి వస్తే అటు తిరిగేదట. అలాంటిది మన ఇంటి మీద ఉంటే, అది చూసుకుని ఎగరబోయడం మొదలుపెట్టొచ్చు, పక్కవాళ్లకు ఇబ్బంది ఉండదు అన్నాడు. ఇనుమైతే ఉప్పు గాలికి తుప్పు పడుతుంది కాబట్టి రాగిది చేయిద్దామన్నాడు.

మా మామ్మ ఒప్పుకోలేదు. "కోడి బొమ్మేటి మనింటి మీద? మనం కోడి తినీవోళ్లమా, పెంచీవోళ్లమా?" అంది. నాన్న సింహం బాగుంటుందన్నాడు. అమ్మ చిలక అంది. తాతయ్య అందరి మాటా విని, మర్నాడు నా చెయ్యి పట్టుకుని బుడితి బస్సు ఎక్కాడు. అక్కడ ఇత్తడి, కంచు సామాన్లు చేసే ఇళ్లున్నాయి. ఆయనకు తెలిసిన కంచరి ఒకాయన వాకిట్లో కూర్చుని బిందెకు సుత్తితో నొక్కులు తీస్తున్నాడు. తాతయ్య కావలసినది చెప్పాడు.

"ఏటి బొమ్మ సెయ్యమంటారు బాబూ?" అన్నాడు కంచరి.

"నన్నడిగితే ఏటి? గుంటనడుగు. దానికోసమే కదా తెచ్చినాను" అన్నాడు తాతయ్య.

ఇద్దరూ నా వైపు చూశారు. ఏనుగు అన్నాను. ఎందుకని కంచరి అడిగితే, "ఏనుగునైతే గాలి ఎత్తుకుపోనేదు" అని చెప్పాను. కంచరి నవ్వబోయి, తాతయ్య ముఖం చూసి ఆగిపోయాడు. "ఏనుగే సెయ్యి" అన్నాడు తాతయ్య.

పల్చటి రాగి రేకులో ఏనుగు ఆకారం కోసి, అంచు మడిచి, కన్ను దగ్గర చిన్న చిల్లు పెట్టి చేశాడాయన. మా ఇంట్లోని పెద్ద పళ్లెమంత ఉండేది. కొత్త రాగి కావడంతో ఎండలో పెడితే కళ్లు మిరుమిట్లు గొలిపేది. దాని పొట్ట మధ్యలో నిలువుగా, పై కొస మూసిన ఒక సన్నటి గొట్టం అతికించాడు. ఇనుప కడ్డీ మీద ఆ గొట్టాన్ని బోర్లించినట్టు తగిలిస్తే బొమ్మ చుట్టూ తిరగాలి. ఇంటికి తెచ్చాక మా మామ్మ, "ఏనుగు ఇంటి మీదకెక్కితే ఇల్లు ఉంటాదా?" అంది. అన్నదేగానీ, దాన్ని చేతిలోకి తీసుకుని కొంగుతో తుడిచి చూసింది.

డాబా ఎక్కించే ముందు పెరట్లో కడ్డీ పాతి పరీక్షించారు. ఏనుగు సరిగ్గా తిరగలేదు. గాలి వచ్చినప్పుడల్లా అడ్డంగా నిలబడి వణికేది. కడ్డీ ఒరిగిపోయేది. నాన్న, "దీనికి దారి తెలీడం నేదు" అని లోపలికి వెళ్లిపోయాడు. నేను ఎప్పటిలాగే బస్తాల గది గుమ్మం దగ్గర నిలబడి దూరం నుంచే చూస్తున్నాను. నేను ఏరికోరి చేయించిన ఏనుగు కూడా గాలికి అలా వణకడం చూసి నాకు ఏడుపొచ్చింది.

తాతయ్య ఆ మధ్యాహ్నం కొట్టుకు వెళ్లలేదు. ఒక పాత అట్టపెట్టె, కత్తెర, గోనెలు కుట్టే దబ్బనం పట్టుకుని నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. రాగి బొమ్మను చూస్తూ అట్ట మీద గీత గీసి, చిన్నదిగా ఇంకో ఏనుగు కత్తిరించాడు. దాని పొట్ట దగ్గర పైనుంచి కిందికి దబ్బనం గుచ్చి, నిలబెట్టి పట్టుకున్నాడు. ఊదమన్నాడు. ఊదాను. అట్ట ఏనుగు కూడా అడ్డంగానే నిలబడింది.

"అడ్డంగా ఉంటే గాలంతా దాని ఒంటి మీదే పడతన్నాది, సూడు" అన్నాడు.

దబ్బనం తీసి తోక దగ్గర గుచ్చాడు. ఊదితే ఏనుగు గిరుక్కున తిరిగి వెనక భాగం నాకు పెట్టింది. నాకు నవ్వొచ్చింది. మూడోసారి చెవి దగ్గర గుచ్చాడు. ఈసారి ఊదగానే ఏనుగు మెల్లగా తిరిగి నాకు ఎదురుగా ముఖం పెట్టి నిలబడింది. వణకలేదు. నేను లేచి ఇటు వైపు వెళ్లి ఊదాను. ఇటు తిరిగింది. తాతయ్య వెనక్కి వెళ్లి ఊదాను. అటు తిరిగింది. ఎక్కడికెళ్లి ఊదినా నన్నే చూసింది. బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదాను. అప్పటిదాకా గాలి అంటే ఎక్కణ్ణుంచో నా మీదకు వచ్చేదే. ఆ మధ్యాహ్నం అది నా నోట్లోంచి వచ్చింది.

"మరి అది పారిపోదా తాతయ్యా?" అని అడిగాను.

"పారిపోతే వీపు మీద తగుల్తాది. ముఖం అటు పెడితే ఏటొస్తన్నాదో కనబడతాది. కనబడితే ఏటి సెయ్యాలో సూసుకోవచ్చు" అన్నాడు. అట్ట ఏనుగును నా చేతిలో పెట్టి లేచాడు.

తాతయ్య కబురంపితే కంచరి వచ్చి, గొట్టాన్ని ఊడదీసి చెవి దగ్గర అతికించాడు. బరువు వెనక్కి లాగకుండా తొండం చివర చిన్న సీసం ముద్ద కరిగించి పోశాడు. తర్వాత ఒక మంచి రోజు చూసుకుని డాబా మీద పిట్టగోడ మూలలో కడ్డీ నిలబెట్టి సిమెంటు చేశారు. కడ్డీకి, బొమ్మ వచ్చే చోటికి కాస్త కింద, తూ, ప, ఉ, ద అని రాగి అక్షరాలు నాలుగు వైపులా బిగించారు. ఏనుగు నున్నగా తిరగాలంటే గొట్టం లోపల గుండ్రటిది ఏదైనా ఉండాలని కంచరి అన్నాడు. తాతయ్య నా గోళీల డబ్బా తెమ్మన్నాడు. నేను ఒక నీలం గోళీ ఏరి ఇవ్వబోతే తీసుకోలేదు.

"గోళీ నీది. నువ్వే వెయ్యాల" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజు గాలి బాగానే ఉంది. డాబా మీద ఆరేసిన చీరలు పటపట కొట్టుకుంటున్నాయి. నేను కింద మెట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. పైనుంచి ఎవరూ పిలవలేదు. రమ్మని బతిమాలి ఉంటే వెళ్లేదాన్ని కాదేమో. పని నా కోసం ఆగిపోయి ఉందని తెలిసి, ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని ఎక్కాను. పైకి రాగానే గాలి నా గౌనును ఒంటికి చుట్టేసింది. తాతయ్య ఏనుగును తలకిందులుగా నా ముందు పట్టుకున్నాడు. గోళీ వేశాను. గొట్టంలో అది జారి టక్కుమని అడుగున ఆగింది. గోళీ పడిపోకుండా కడ్డీ మొన మీదికి బొమ్మను ఎత్తి తగిలించేదాకా నేను అక్కడే ఉన్నాను. ఏనుగు ఒకసారి ఊగి, మెల్లగా తిరిగి, దక్షిణానికి తొండం పెట్టి నిలబడింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే నేనూ అటే తిరిగి నిలబడ్డాను. మామ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి దాని నుదుటికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఆ మర్నాటి నుంచి తాతయ్య నాకొక ఉద్యోగం ఇచ్చాడు. తనకు దూరపు చూపు ఆనడం లేదని, ఎగరబోత మొదలుపెట్టే ముందు పెరట్లోకి వెళ్లి ఏనుగు ఎటు చూస్తోందో వచ్చి చెప్పమని అన్నాడు. నేను చెప్పేదాకా కూలీలు చేటలు పట్టేవారు కాదు. గాలి లేని రోజు ఎలాగూ వెళ్లేదాన్ని. గాలి ఉన్న రోజు తప్పనిసరిగా వెళ్లాల్సి వచ్చేది. మొదట్లో గుమ్మంలోంచి తల బయటపెట్టి చూసి పరుగెత్తుకొచ్చేదాన్ని. తర్వాత పెరటి మధ్య నిలబడి చూడటం అలవాటైంది. వానలు మొదలయ్యేసరికి ఒక్కదాన్నే బడికి వెళ్తున్నాను. ఉత్తరపు గాలి వస్తే గోడ మీంచి పక్కింటి అక్కకు నేనే చెప్పేదాన్ని, ఇవాళ ఎగరబోత లేదని. ఆమె అప్పటికి కడుపుతో ఉంది.

కార్తీకంలో మళ్లీ తుఫాను వచ్చింది. పొద్దున్నుంచే ఈశాన్యం గాలి, వాన. కిటికీ రెక్క సందులోంచి చూస్తే ఏనుగు ఈశాన్యానికి తొండం పెట్టి నిలబడి ఉంది. నాకు భయం వేయలేదని చెప్పను. కానీ బస్తాల గదిలోకి వెళ్లలేదు. ఏనుగును చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి అది తూర్పుకు తిరిగింది. చెప్పాను. ఇంకాసేపటికి ఆగ్నేయానికి జరిగింది. అదీ చెప్పాను. తాతయ్య అప్పటిదాకా కూర్చునే ఉన్నాడు. ఆ మాట వినగానే లేచాడు.

"గాలి దక్షిణానికి తిరుగుతన్నాది. ఇప్పటిదాకా మనిల్లు అడ్డం ఉండబట్టి పక్కింటికి ఏటీ అవనేదు. ఇక దానికి అడ్డమేదీ నేదు" అని నాన్నతో అని, గొంగళి కప్పుకుని బయటకు నడిచాడు.

పక్కింటి అక్కకు అప్పటికి పురుడు వచ్చి పదిరోజులు కూడా కాలేదు. భర్త ఊళ్లో లేడు. తల్లి ఒక్కతే తోడు. బాలింత గడప దాటకూడదని ఆ పెద్దావిడ పట్టుబట్టిందట. తాతయ్య ఆవిడతో వాదించకుండా, "మా గుంట సూసి సెప్పింది, గాలి ఇటు తిరుగుతాది" అని మాత్రం అన్నాడట. అక్క లేచి నిలబడిందట. నాన్న ఆమెను పట్టుకుని నడిపించాడు. తాతయ్య పసిగుడ్డును గొంగళిలో చుట్టి తెచ్చాడు. మామ్మ నిప్పుల కుంపటి పెట్టి వాళ్లను మా మధ్యగదిలో పడుకోబెట్టింది. తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. పక్కింటి మీద పెంకులు లేచిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు తెలుసు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. నేను ఆమెతో, "ఇది దక్షిణపు గాలి అక్కా, ఇంక ఎంతోసేపు ఉండదు" అన్నాను. అది నాకు ఎవరూ నేర్పలేదు, ధైర్యం చెప్పాలనిపించి అన్నాను. నిజంగానే చీకటి పడేలోగా తగ్గింది.

రెండు రోజులకు వాన తెరిపిచ్చాక మేమందరం పక్కింటి పెంకులు ఏరుతుంటే, మా వాకిట్లో కూర్చున్న తాతయ్య వీధి చివర కరెంటు తీగ వైపు చూపించి, "అదిగో సూడు, పాలపిట్ట" అన్నాడు. నేను కళ్లు చికిలించి చూస్తేగానీ నాకు కనిపించలేదు. డాబా మీద ఏనుగు కంటే అది చాలా దూరంలో ఉంది. నేను ఆయన వైపు తిరిగి చూశాను. ఆయన నా వైపు చూసి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. మర్నాడు పొద్దున్న మామూలుగానే వెళ్లి ఏనుగు ఎటు చూస్తోందో చూసొచ్చి చెప్పాను. ఆయన మామూలుగానే తలూపాడు. ఆయన ఉన్నంతకాలం అలాగే సాగింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. అరసవల్లిలో మా చిన్నబ్బాయి దగ్గర ఉంటున్నాను. కిందటేడు నా రొమ్ములో గడ్డ కనిపిస్తే విశాఖపట్నం తీసుకెళ్లి పరీక్షలు చేయించారు. ఫలితం వచ్చిన రోజు పిల్లలు నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి, తామే డాక్టరమ్మతో మాట్లాడి వస్తామన్నారు. అక్కడి నుంచి లేచి ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోవాలనిపించింది. కానీ లేచి లోపలికే వెళ్లాను. గోడవారగా ఉన్న కుర్చీని డాక్టరమ్మకు ఎదురుగా జరుపుకుని కూర్చుని, "నాకే సెప్పండమ్మా" అన్నాను. ఆవిడ చెప్పింది. నేను విన్నాను. తర్వాత, ముందుగా ఏం చేయాలో అడిగాను.